నాలుగో నంబరు బండి

రాబిన్‌వేల్ ఊరి బయట ద్రాక్షపళ్ళు ప్యాక్ చేసే షెడ్డు. దాని వెనక, గ్యాసు సిలిండర్లు పెట్టే ఇనుప బోను దగ్గర. ఫిబ్రవరి నెల, అక్కడ నడివేసవి. ఉదయం పది.

“దిగు రొక్కో. నేను మాట్లాడుతుంటే బండెక్కి కూర్చుంటావేంటి?”

“పనిలో ఉన్నా లూపే అత్తా. ఈ పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్టులో గ్యాసు అయిపోవచ్చింది. సిలిండర్ మార్చుకోవాలి. మధ్యాహ్నం మాట్లాడుకుందాం.”

“అత్తా గిత్తా అనకు. ఫెలేతికి మేనత్తని నేను. ఈ షెడ్డులో టోంగా దీవుల పిల్లలందరికీ అత్తని. నీకు కాదు. నాకంటే మూడేళ్ళు పెద్దవాడివి.”

“అందరూ పిలుస్తారని పిలిచాను. సరే, లూపే. వాడికెలా ఉంది?”

“ఇప్పుడడుగుతున్నావా? ఇందాక గేటు దగ్గర నన్ను చూసి పెట్టెల వెనక్కి తప్పుకున్నావే, అప్పుడడగాల్సింది.”

“తప్పుకోలేదు. నా పని అటుంది.”

“మిల్డ్యూరా ఆసుపత్రిలో ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. ముక్కులో గొట్టం. రెండు వేళ్ళు నిలుస్తాయో తీసెయ్యాలో శుక్రవారం చెబుతారట. చూపుడు వేలు, మధ్య వేలు. చర్చి బ్యాండులో వాడు బాకా వాయించే వేళ్ళు.”

“అయ్యో.”

“అయ్యో అనకు. నీ నోట్లోంచి ఆ మాట వస్తే నాకు ఒళ్ళు మండుతోంది.”

“నేనేం చేశాను? పొద్దున్నే వచ్చి నా మీద పడతావేంటి?”

“గ్లెనిస్ బల్ల మీద నీ కాగితం చూశాను.”

“మేనేజరు బల్ల మీద కాగితాలు నువ్వెందుకు చూడాలి?”

“కనబడింది, చూశాను. కిటికీ ఇవతల నిలబడి, తలకిందులుగా ఉన్నా సరే, చివరిదాకా చదివాను. ‘నిన్న మధ్యాహ్నం మూడింటికి నాలుగో నంబరు బండికి ఫెలేతి సిలిండర్ మార్చాడు. గ్లౌజులు వేసుకోలేదు. వాషర్ చూసుకోలేదు. నేను ఆ సమయంలో అక్కడ లేను.’ కింద నీ పేరుంది. సంతకం ఒక్కటే లేదు.”

“టీ బ్రేకులో చేస్తాను. పదిన్నరకి మిల్డ్యూరా నుంచి తనిఖీ ఆఫీసరు వస్తున్నాడు.”

“ఆయన చేతికి ఆ కాగితం వెళితే ఏమవుతుంది?”

“ఏమవుతుంది, విచారణ చేస్తారు.”

“నీళ్ళు నమలకు.”

“తప్పు వాడిదని తేలుతుంది. బండి నడిపే లైసెన్సు లాక్కుంటారు. ఇక్కడ పని పోతుంది. నేను పెట్టిన రూల్సా అవి?”

“వేళ్ళూ పోయి, పనీ పోయి, ఊళ్ళో బుద్ధిలేనివాడనే పేరూ మిగులుతుంది. ఇరవై ఆరేళ్ళవాడికి.”

“నేనేం చెయ్యను లూపే. జరిగింది రాశాను.”

“జరిగిందే రాశావా?”

“జరిగిందే.”

“అయితే మార్చు. నేనిక్కడ నిలబడి చూస్తాను.”

“ఏం మార్చాలి?”

“సిలిండర్. మార్చాలన్నావుగా. నోటితో చెబుతూ మార్చు. నాకేం తెలీదు, పెరట్లో మాంసం కాల్చుకునే గ్యాసు పొయ్యి తప్ప.”

“బయటివాళ్ళు ఆ పసుపు గీత దాటి రాకూడదు.”

“గీత ఇవతలే ఉన్నాను. నా కాళ్ళు చూడు. చెప్పు.”

“నీకెందుకు చెప్పాలి నేను?”

“వాడు చేసిన తప్పేంటో నాకు తెలియాలి కాబట్టి. రేపు మా తమ్ముడు ఫోను చేసి అడుగుతాడు. మా వాళ్ళలో తమ్ముడి పిల్లల మీద వాడికంటే నాకే హక్కెక్కువ. తప్పు ఫెలేతిదైతే ఆసుపత్రి మంచం మీదే వాడి చెవి మెలిపెడతాను. తప్పేంటో చెప్పు.”

“సరే, విను. విని వెళ్ళిపో. సిలిండర్ ఎప్పుడూ ఆరుబయటే మార్చాలి. ఇదిగో, ఇక్కడే. షెడ్డు లోపల మార్చకూడదు. ఫోర్కులు నేలకి దించాలి. బ్రేకు వెయ్యాలి.”

“నిన్న ఎక్కడ మార్చారు?”

“లోపల. లారీలెక్కించే తలుపు దగ్గర.”

“ఎందుకని?”

“నిన్న ఎండ నలభై మూడు డిగ్రీలు. ఇక్కడ చూశావుగా, పిట్టంత నీడ లేదు. మెల్‌బోర్న్ వెళ్ళే లారీ ఎదురుచూస్తోంది. ఇక్కడిదాకా వచ్చి వెళితే పది నిమిషాలు. ఎండలు ముదిరాయంటే అందరూ లోపలే మారుస్తారు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నిండు సిలిండర్ ఒకటి తీసుకెళ్ళి తలుపు పక్కన దాచుకుంటారు. గ్లెనిస్‌కీ తెలుసు. చూడనట్టుంటుంది.”

“అందరూ అంటే, నువ్వు కూడానా?”

“అందరూ అన్నాను.”

“నువ్వు కూడానా అని అడిగాను.”

“అందరూ అంటే అందరూ. తర్వాత చెప్పమంటావా వద్దా?”

“చెప్పు.”

“ఇదిగో, సిలిండర్ మెడ దగ్గర చక్రంలా ఉందే, ఇది వాల్వు. ఇంజను ఆడుతుండగానే దీన్ని కట్టెయ్యాలి. అప్పుడు పైపులో మిగిలిన గ్యాసంతా ఇంజనే తాగేస్తుంది. తాగేసి దానంతటదే ఆగుతుంది. విను, దగ్గుతోంది. అదిగో, ఆగింది. ఇప్పుడు తాళం తియ్యాలి.”

“ఇంతేనా? నిమిషం కూడా పట్టలేదు.”

“లారీవాడు హారన్ కొడుతుంటే ఆ నిమిషమే గంటలా ఉంటుంది.”

“ఎవరికి?”

“వాడికే. కుర్రాడు కదా. తొందర.”

“ఫెలేతికా తొందర? ఆదివారం భోజనానికి పిలిస్తే మంగళవారం వచ్చి, ఇంకా వడ్డించలేదా అంటాడు వాడు.”

“ఇంట్లో వేరు, పనిలో వేరు.”

“తర్వాత?”

“కళ్ళద్దాలు. గ్లౌజులు. ఇవి లేకుండా ఈ పైపు ముట్టకూడదు. లోపల గ్యాసు నీళ్ళలాగుంటుంది. బయటికొచ్చిందా, మంచుగడ్డ దాని ముందు వేడినీళ్ళ కింద లెక్క. చర్మానికి తగిలితే తెల్లగా కొయ్యబారిపోతుంది. కాలినట్టే.”

“చూశాను. మైనపు బొమ్మ చెయ్యిలా ఉంది.”

“ఊఁ.”

“ఆ గ్లౌజుల మీద నీ పేరుందేంటి?”

“సీజను మొదట్లో తలా ఒక జత ఇస్తారు. పేరు రాసుకోవాలి. ఎవరివి వాళ్ళ బండికి తగిలించుకుంటారు.”

“ఫెలేతివి వాడి బండికే ఉన్నాయి. ఇప్పుడే చూసొచ్చాను. షెడ్డుకి ఆ చివర, రెండో నంబరు బండి, సీటు వెనక కొక్కేనికి. మడత కూడా నలగలేదు.”

“అదే నేను రాసింది. వేసుకోలేదని.”

“నాలుగో నంబరు బండి ఎవరిది?”

“షెడ్డుది.”

“షెడ్డుదని నాకూ తెలుసు. దాని మీద ఎవరు కూర్చుంటారు?”

“ఎవరైనా కూర్చోవచ్చు.”

“చుట్టూ టేపు కట్టి పెట్టారు దాన్ని. దూరం నుంచే చూశాను. సీటు మీద దిండుంది రొక్కో. ఆకుపచ్చది, మధ్యలో చిరిగి దారంతో కుట్టింది. నీ పెళ్ళాం కుట్టింది. నీ నడుంనొప్పి దిండు.”

“దిండుంటే?”

“ఫెలేతికి నడుంనొప్పి లేదు.”

“సరే, నాలుగో నంబరు నేనే నడుపుతాను. అయితే? నేనే వాడికి చెప్పాను, నా బండికి సిలిండర్ మార్చిపెట్టమని. నేను బాత్రూంకి వెళ్ళాను.”

“కాగితంలో అలా లేదే.”

“అన్నీ రాయాలా? బాత్రూంకి వెళ్ళానని కూడా రాయాలా?”

“నువ్వు పిలిచావు. వాడు తన బండి దిగాడు. గ్లౌజులు అక్కడే వదిలేసి, షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకి ఒట్టి చేతుల్తో నడుచుకుంటూ వచ్చాడు. గ్యాసు సిలిండర్ మార్చడానికి.”

“నిర్లక్ష్యం అంటే అదే మరి.”

“నా చెవిలో పువ్వు పెట్టకు.”

“నీ ఇష్టం. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.”

“రొక్కో, ఇక్కడున్నావా. నీకోసం షెడ్డంతా తిరిగాను. అరె, లూపే కూడా ఉందే. ఎలా ఉన్నాడమ్మా ఫెలేతి?”

“బతికున్నాడు గ్లెనిస్.”

“షెడ్డు తరఫున పళ్ళబుట్ట పంపాను, చేరిందా?”

“చేరింది. ద్రాక్షపళ్ళు. ఈ షెడ్డువే.”

“ఆఁ, అవే. రొక్కో, కాగితం మీద సంతకం చెయ్యి. ఆఫీసరు యూస్టన్ దాటాడట, పావుగంటలో వచ్చేస్తాడు.”

“వస్తాను గ్లెనిస్. ఈ సిలిండర్ బిగించి వస్తాను.”

“ఇక్కడే, బయటే మారుస్తున్నావుగా? మంచిది. ఇవాళ్టి నుంచి లోపల మారిస్తే ఎవరినీ ఉపేక్షించేది లేదు. లూపే, ఏమీ అనుకోకు, బయటివాళ్ళు ఈ గీత దగ్గర నిలబడకూడదు.”

“రెండు నిమిషాల్లో వెళతాను.”

“రెండే. రొక్కో, ఆలస్యం చెయ్యకు.”

“వెళ్ళింది. ఇవాళ్టి నుంచి ఉపేక్షించదట. నిన్నటిదాకా కళ్ళు ఎక్కడ పెట్టుకుందో.”

“ఆమె మీద కూడా పడకు లూపే. నువ్వు వెళ్ళు. విన్నావుగా, ఆఫీసరు వచ్చేస్తున్నాడు.”

“పని పూర్తి చెయ్యి. సగంలో ఆపావు.”

“పైపు ఊడదీశాను. పట్టీ విప్పాను. పాత సిలిండర్ దించాను. కొత్తది ఎక్కించాను. ఈ మేకు ఈ కన్నంలోకి దిగాలి. లేకపోతే సిలిండర్ తిరగబడి కూర్చుంటుంది. పట్టీ బిగించాను. చాలా?”

“వాషర్ అన్నావు కాగితంలో.”

“ఇదిగో, పైపు చివర నల్లటి రబ్బరు చుట్ట. ఇది ఉందో లేదో, పగిలిందో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. ఇది లేకుండా బిగిస్తే మర సరిగ్గా కూర్చోదు. మనకి కూర్చున్నట్టే ఉంటుంది. తర్వాత వాల్వు విప్పితే చిమ్ముతుంది. అందుకే మెల్లగా విప్పాలి, పావు చుట్టు. సబ్బునీళ్ళు కొట్టి బుడగలొస్తున్నాయేమో చూడాలి. వాసన చూడాలి. అప్పుడు పూర్తిగా విప్పాలి.”

“నిన్న ఆ రబ్బరు లేదా?”

“లేదు. పాత పైపు ఊడేటప్పుడే ఎక్కడో జారిపడింది.”

“వాల్వు మెల్లగా విప్పలేదా?”

“ఒక్కసారే విప్పాడు. మొత్తం.”

“నువ్వు బాత్రూంలో ఉన్నావు. మొత్తం విప్పాడని నీకెలా తెలుసు?”

“ఆ చిమ్ముడు చూస్తే తెలియదా? అంటే, తర్వాత. అందరూ చెప్పుకున్నారు కదా.”

“ఊఁ. నువ్వెప్పుడైనా ఇలా చేశావా, గ్లౌజుల్లేకుండా?”

“నేనా?”

“నువ్వే. మనుషులం కదా. ఎండ, తొందర. ఎప్పుడో ఒకసారి.”

“లూపే, నన్నేమైనా అను. ఆ మాట మాత్రం అనకు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ పనిలో ఉన్నాను. ఒక్కసారి ఒట్టి చేత్తో ముట్టలేదు. గ్లౌజులు తీశాను, ఇవిగో చేతులు, చూసుకో. ఒక్క మచ్చ లేదు.”

“ఒక్కసారి కూడా?”

“ఒక్కసారి కూడా.”

“లారీవాడు హారన్ కొడుతున్నా?”

“నిన్న చెవులు చిల్లులు పడేలా కొట్టాడు. అయినా ముందు గ్లౌజులు తొడుక్కున్నాకే...”

“ఆఁ. తొడుక్కున్నాకే?”

“ఏం లేదు.”

“నిన్న గ్లౌజులు తొడుక్కున్నాక ఏం చేశావు రొక్కో?”

“ఏం లేదన్నాను.”

“బాత్రూంకి గ్లౌజులు తొడుక్కుని వెళతావా?”

“వెళ్ళు లూపే.”

“వాడి చెయ్యి కాలింది. నీ చేతులకి మచ్చ లేదు. నువ్వే చూపించావు. సిలిండర్ మార్చింది గ్లౌజులున్నవాడు రొక్కో. గ్లౌజుల్లేనివాడు వేరే పనిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు.”

“అరవకు.”

“నేను అరవడం లేదు. అరిస్తే ఈపాటికి షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళూ బయటికొచ్చేవాళ్ళు. చెప్పు.”

“చెప్పడానికేం లేదు.”

“చెప్పు.”

“నేనే మార్చాను. సరేనా? నేనే. సంతోషమా?”

“తర్వాత?”

“ఇంజను ఆగేదాకా ఆగలేదు. రబ్బరు చూసుకోలేదు. బిగించాను, కూర్చుందనుకున్నాను, వాల్వు మొత్తం తిప్పేశాను. తెల్లగా లేచింది. పొగ కాదు, పొగమంచు కాదు, అలాంటిది. చప్పుడు. పాము బుస కొట్టినట్టు కాదు, వంద పాములు. నా కళ్ళద్దాలు తెల్లబడిపోయాయి. ఏం కనబడలేదు.”

“వాల్వు నీ చేతికి అందేంత దూరంలోనే ఉందిగా.”

“ఉంది.”

“గ్లౌజులు నీ చేతులకే ఉన్నాయి.”

“ఉన్నాయి.”

“తిరిగి కట్టెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?”

“రెండు చుట్లు. మూడు.”

“కట్టేశావా?”

“లేదు.”

“మరేం చేశావు?”

“పరుగెత్తాను.”

“ఎక్కడికి?”

“పక్క తలుపులోంచి బయటికి. ద్రాక్షతోటలోకి. వరసల మధ్య పడి పరుగెత్తాను. కాలవ గట్టు దాకా వెళ్ళి ఆగాను. ఎంతసేపు పరుగెత్తానో కూడా తెలీదు.”

“అలారం గంట కొట్టావా?”

“లేదు.”

“లోపల ఆడవాళ్ళున్నారని తెలుసు కదా. పెట్టెలకి ప్లాస్టిక్కు చుట్టడానికి మంట పెట్టే మిషను నాలుగడుగుల్లో ఉంటుందట. అదీ తెలుసు కదా.”

“నాలుగడుగులు కాదు, పది.”

“పదడుగులా. అయితే పరవాలేదులే.”

“నాకు తెలుసు లూపే. అన్నీ తెలుసు. గ్యాసు గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది, మంట తగిలితే షెడ్డు షెడ్డంతా లేచిపోతుంది. ఏటేటా కొత్తవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నేనే. ఫెలేతికి బండి నేర్పింది నేను. గ్యాసు కారితే మిగతా అన్నీ వదిలెయ్యి, ముందు వాల్వు కట్టరా అని నేర్పింది నేను.”

“నేర్చుకున్నాడు.”

“అలా మాట్లాడకు.”

“ఎలా మాట్లాడను? సిగ్గు లేదా నీకు? నీకు నేను దండం పెట్టాలా? వాడు ఒట్టి చేత్తో నీ వాల్వు కడితే, నువ్వు రాత్రి ఇంటికెళ్ళి, అన్నం తిని, పొద్దున వచ్చి, గ్లౌజులు వేసుకోలేదు, వాషర్ చూసుకోలేదు అని రాశావు.”

“అన్నం తినలేదు.”

“పాపం.”

“నిద్ర కూడా పోలేదు. కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి లూపే. నేను పరుగెత్తాలనుకోలేదు. నీకలాంటిది ఎప్పుడైనా జరిగితే తెలుస్తుంది.”

“కాళ్ళు పరుగెత్తాయి, ఒప్పుకుంటాను. కాగితం రాసింది చెయ్యి. అది కూడా దానంతటదే రాసిందా?”

“గ్లౌజులు తొడుక్కుని ఈ పైపు బిగించనివ్వు లూపే.”

“నడు గ్లెనిస్ దగ్గరికి.”

“నడవను.”

“ఆఫీసరు వచ్చేలోపు ఆ కాగితం చింపి, జరిగింది రాయి.”

“రాయను. నాకు ఇప్పటికే రెండు వార్నింగులున్నాయి, లోపల మార్చినందుకే, పాత మేనేజరు ఇచ్చినవి. ఇది మూడోది. అరవై ఒక్క ఏళ్ళవాణ్ణి ఎవడు పనిలో పెట్టుకుంటాడు? ఫెలేతి కుర్రాడు. మీ వాళ్ళంతా ఉన్నారు. బాదం తోటల్లో పని దొరుకుతుంది.”

“రెండు వేళ్ళు లేనివాడికి.”

“దొరుకుతుంది. నేనే చూసిపెడతాను. మా బావమరిదికి చెబుతాను.”

“పని ఒక్కటేనా నీ బాధ?”

“ఇంకేముంటుంది?”

“నాకేం తెలుసు. నువ్వే చెప్పు.”

“పరుగెత్తానని ఈ ఊళ్ళో తెలిస్తే ఎలా తిరగను? క్లబ్బులో ఎలా కూర్చోను? సగం ఊరికి బండి నేర్పినవాణ్ణి. పిల్లలు కూడా నవ్వుతారు. నా పెళ్ళానికి కూడా చెప్పలేదు. నీకు తప్ప ఎవరికీ తెలీదు. నీతో కూడా ఎందుకన్నానో నాకు తెలీదు.”

“అన్నావుగా. ఇప్పుడు గ్లెనిస్‌తో అను.”

“అనను. నువ్వు చెప్పుకో, పో. రొక్కో ఇలా అన్నాడని చెప్పు. అనలేదంటాను. మేనల్లుణ్ణి కాపాడుకోవడానికి మేనత్త కట్టిన కథ అంటాను. ఎవరి మాట నమ్ముతారో చూద్దాం.”

“ఫెలేతి చెబుతాడు.”

“వాడు గ్యాసు పీల్చాడు. మందుల మత్తులో ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడి మాట ముందు వాడి మాట ఎంత?”

“ఇంత నీచుడివి అనుకోలేదు రొక్కో.”

“అనుకో. ఏమనుకున్నా ఇప్పుడు నాకు ఒకటే. అదిగో, ఆఫీసు ముందు తెల్లకారు ఆగింది. వచ్చేశాడు. నేను సంతకం చెయ్యాలి, అడ్డు తప్పుకో.”

“సబ్బునీళ్ళు కొట్టలేదు నువ్వు.”

“ఏంటి?”

“వాల్వు పూర్తిగా విప్పే ముందు సబ్బునీళ్ళు కొట్టాలన్నావు. ముందు అది కానివ్వు.”

“కొడతాను. పావు చుట్టు విప్పాను. కొడుతున్నాను. ఇదిగో. బుడగల్లేవు. చాలా?”

“చాలు.”

“వాడికి మెలకువ వచ్చిందా అసలు?”

“వచ్చింది. తెల్లవారుజామున ఐదింటికి.”

“మాట్లాడాడా?”

“మాట్లాడాడు.”

“అదీ సంగతి. అంతా చెప్పేశాడన్నమాట. నన్ను తిట్టి తిట్టి ఉంటాడు. రొక్కో పారిపోయాడు, పిరికివెధవ అని. అన్నీ తెలిసే వచ్చి, ఏమీ తెలియనట్టు నాతో ఈ నాటకం ఆడావా?”

“వాడు అంత మాట్లాడలేదు. గొట్టం ఉంది కదా ముక్కులో. ఒక్క మాటే. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.”

“ఏమన్నాడు?”

“ఎందుకులే, నీ కాగితంలో రాయడానికి పనికొచ్చే మాట కాదు.”

“ఏమన్నాడు లూపే?”

“ఆ కాగితం నా కంటపడకుండా ఉంటే నీతో ఇంత గొడవ పడేదాన్నే కాదు. రాత్రంతా కూర్చుని, బస్సెక్కి, నేరుగా ఇక్కడికొచ్చింది వాడి మాట కోసం.”

“ఏమన్నాడో చెప్పు.”

“చెయ్యి గురించి అడగలేదు. వాల్వు కట్టాక బయటికి వచ్చెయ్యొచ్చు కదరా, ఆ తెల్లటి దాంట్లో పెట్టెల వెనక్కి ఎందుకు వెళ్ళావు, అక్కడెందుకు పడిపోయావు అని నేనే అడిగాను. వాడు నన్ను చూసి, ‘రొక్కో లోపలే ఉండిపోయాడత్తా, ఎంత వెతికినా దొరకలేదు, బతికే ఉన్నాడా?’ అన్నాడు. కనుక్కుని వస్తానని మాటిచ్చాను. సాయంత్రం బస్సుకి వెళుతున్నాను రొక్కో, వాడికి ఏం చెప్పమంటావు?”